హక్కు కాగితం మీదా, నోటి మీదా: ష్యుతో ఆండ్రాష్ రచనలు – ఒక విమర్శ

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• రొమేనియాలోని హంగేరియన్లు అల్పసంఖ్యాకులుగా ఎలా మారారో వివరించగలుగుతారు.
• ష్యుతో ఆండ్రాష్ ముఖ్య రచనల్లో భాషాహక్కు ఏ రూపంలో కనిపిస్తుందో గుర్తించగలుగుతారు.
• హక్కుల పక్షాన నిలిచిన రచనను ఏ కొలతలతో విమర్శించాలో చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

భాషాహక్కు అనగానే మనకు చట్టాలు, తీర్మానాలు, ఊరేగింపులు గుర్తుకొస్తాయి. సాహిత్య విద్యార్థిగా మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఒక జాతి భాష కోసం, సంస్కృతి కోసం రాసిన రచన మంచి రచన ఎప్పుడవుతుంది? అది న్యాయమైన పక్షాన నిలబడితే చాలా? లేక ఆ న్యాయాన్ని చూపించే తీరులో కూడా న్యాయం ఉండాలా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ట్రాన్సిల్వేనియాకు చెందిన హంగేరియన్ రచయిత ష్యుతో ఆండ్రాష్‌ను తీసుకుందాం. హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరును ముందు రాస్తారు. ష్యుతో ఇంటిపేరు, ఆండ్రాష్ పెట్టిన పేరు. వారి భాష ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినది కాదు. తెలుగులో ప్రత్యయాలు చేరినట్టే అందులోనూ మాట చివర ప్రత్యయాలు చేరి అర్థాన్ని నిర్ణయిస్తాయి. చుట్టూ ఉన్న రొమేనియన్, జర్మన్, స్లావ్ భాషలతో దానికి బంధుత్వం లేదు. కాబట్టి హంగేరియన్ మాట్లాడే పిల్లవాడికి పక్కింటి భాష దానంతట అది రాదు, నేర్చుకోవలసిందే. ఈ విషయం గుర్తుంటే ముందు వచ్చే చర్చ సులభంగా అర్థమవుతుంది.

2. చారిత్రక నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేవరకు ట్రాన్సిల్వేనియా హంగరీ రాజ్యంలో భాగం. అక్కడ రొమేనియన్లు, హంగేరియన్లు, జర్మన్ మాట్లాడే శాక్సన్లు, యూదులు తరతరాలుగా కలిసి జీవించారు. 1918 డిసెంబరు 1న రొమేనియన్ల జాతీయసభ ఆల్బా యూలియా పట్టణంలో సమావేశమై ట్రాన్సిల్వేనియాను రొమేనియాతో కలపాలని తీర్మానించింది. చదువు, పరిపాలన, న్యాయం ప్రతి జాతికీ దాని సొంత భాషలోనే అందుతాయని అదే తీర్మానంలో మాట ఇచ్చింది. 1920 జూన్ 4న కుదిరిన ట్రియానాన్ సంధితో హంగరీ తన భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు కోల్పోయింది. ముప్పై లక్షలకు పైగా హంగేరియన్లు ఉన్న ఊళ్లోనే ఉండి వేరే దేశాల పౌరులయ్యారు. వారిలో ఎక్కువమంది రొమేనియాకు చెందారు.

రెండవ ప్రపంచయుద్ధం తరవాత రొమేనియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. కాగితం మీద చూస్తే తొలి ఏళ్లలో హంగేరియన్లకు కొంత దక్కింది. 1945లో కోలోజ్వార్ నగరంలో, అంటే నేటి క్లూజ్‌లో, హంగేరియన్ మాధ్యమంలో బోల్యాయి విశ్వవిద్యాలయం మొదలైంది. 1952లో హంగేరియన్ స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. తరవాత ఇవి ఒక్కొక్కటిగా పోయాయి. 1959లో 'ఐక్యత' పేరుతో బోల్యాయిని రొమేనియన్ మాధ్యమంలో నడిచే బాబేష్ విశ్వవిద్యాలయంలో కలిపేశారు. ఆ రోజుల్లోనే అక్కడ పాఠాలు చెప్పే కవి సాబేది లాస్లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1968లో స్వయంపాలిత ప్రాంతం రద్దయింది. చౌషెస్కూ పాలన చివరి దశలో, 1988లో, హంగేరియన్ పత్రికలు సైతం ఊళ్ల పేర్లను రొమేనియన్‌లోనే అచ్చువేయాలనే నిబంధన వచ్చింది. తన ఊరి పేరును తన భాషలో అచ్చులో చూసుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఈ చరిత్రకు మరో పార్శ్వం ఉంది. దాన్ని వదిలేస్తే మన విమర్శ ఒంటికాలిమీద నిలబడుతుంది. 1918కి ముందు ఇదే ట్రాన్సిల్వేనియాలో అధికారం హంగేరియన్లది. హంగరీ 1868లో చేసిన చట్టం ఇతర జాతుల భాషలకు ఎన్నో సౌకర్యాలు ఇస్తామంది. అమలులో అవి చాలావరకు దక్కలేదు. 1907లో విద్యామంత్రి అపోన్యీ పేరుతో వచ్చిన చట్టం రొమేనియన్, స్లోవాక్ పిల్లలు నాలుగో తరగతి ముగిసేసరికి హంగేరియన్‌లో మాట్లాడగలగాలి, రాయగలగాలి అని బడులపై ఒత్తిడి పెట్టింది. నిన్న పెత్తనం చేసిన భాష నేడు రక్షణ కోరే భాష అయింది. ష్యుతోను చదివేటప్పుడు ఈ రెండు పార్శ్వాలనూ మనసులో ఉంచుకోండి.

3. తల్లి అడిగిన పుస్తకం

ష్యుతో 1927లో ట్రాన్సిల్వేనియా మైదాన ప్రాంతమైన మెజోషేగ్‌లోని పుస్తాకామారాష్ అనే పల్లెలో పుట్టాడు. అది రొమేనియన్లు, హంగేరియన్లు కలిసి బతికే ఊరు. అక్కడ హంగేరియన్లు చెదురుమదురుగా ఉండేవారు. 19వ శతాబ్దపు హంగేరియన్ నవలాకారుడు కెమేన్ జిగ్మోండ్ సమాధి ఉన్నది ఆ ఊళ్లోనే. అంటే గొప్ప సాహిత్య వారసత్వమూ, తరిగిపోతున్న మాటలూ ఒకేచోట ఉన్నాయి.

1970లో వెలువడిన 'హాయైన నిద్ర పడుతుందని మా అమ్మ మాటిస్తోంది' ష్యుతోకు పెద్ద పేరు తెచ్చింది. దీన్ని ఆయన నవల అనలేదు, దినచర్య రాతలు అన్నాడు. కొడుకు రచయిత అయ్యాడని తెలిసిన తల్లి, మా గురించి కూడా ఒక పుస్తకం రాయవచ్చు కదా అని అడుగుతుంది. పుస్తకం పుట్టుకకు కారణం ఆ కోరికే. 1950లలో వ్యవసాయాన్ని సమష్టిపరచినప్పుడు పల్లె పడిన బాధలు, తన తల్లిదండ్రుల కష్టం, ఇరుగుపొరుగుల మాటలు, చావులు, నవ్వులు అందులో ఉన్నాయి.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. తల్లి అడిగింది హక్కులు కాదు, పుస్తకం. తాము బతికినట్టు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని అడిగింది. ఒక జనసమూహం సంస్కృతిని కాపాడటం అంటే మొదట ఆ జనం ఉన్నారని నమోదు చేయడమే. ష్యుతో వారిని పొగడలేదు. వారి భయాలు, మొండితనం, అధికారి ముందు తలవంచడం కూడా రాశాడు. ఆ నిజాయితీ వల్లనే పుస్తకం ఫిర్యాదుగా మిగలకుండా సాహిత్యంగా నిలిచింది. రొమేనియన్ పొరుగువారు కూడా ఇందులో శత్రుపక్షంగా కాక అదే ఊరి మనుషులుగా కనిపిస్తారు. ఈ గుణాన్ని గుర్తుపెట్టుకోండి, తరవాత పోలిక అవసరమవుతుంది.

4. మనవడికి అందవలసిన మాటలు

1977లో వచ్చిన 'మాటలను నా దగ్గరికి రానివ్వండి' భాష గురించే రాసిన పుస్తకం. పసిపిల్లలను తన దగ్గరికి రానివ్వమని ఏసుక్రీస్తు చెప్పిన మాటను ఈ పేరు గుర్తుచేస్తుంది. అక్కడ పిల్లలు ఉన్నచోట ఇక్కడ మాటలు ఉన్నాయి. రచయిత మనవడు మాటలు నేర్చుకుంటున్నాడు. తాత ఆ మాటలను వింటూ, ఒక్కొక్క మాట వెనక ఉన్న పల్లెను, పనిని, మనుషులను తలుచుకుంటాడు. వ్యాసం, దినచర్య, కథ మూడూ కలిసిన రూపం ఇది.

పుస్తకంలోని వాదం ఇది. మాట పుస్తకాల్లో భద్రంగా ఉండవచ్చు, నిఘంటువులో ఉండవచ్చు. దాన్ని పలికే పని లేకపోతే, వినే మనిషి లేకపోతే ఆ మాట పోయినట్టే. కొడవలి పట్టినవాడికి కొడవలి భాగాల పేర్లు తెలుస్తాయి. బడిలో, కచేరీలో, ఆసుపత్రిలో వేరే భాష నడుస్తుంటే తల్లిభాష ఇంటి గడప లోపలికి కుంచించుకుపోతుంది. అక్కడ కూడా అన్నం, నిద్ర, జ్వరం లాంటి కొద్ది మాటలకే పరిమితమవుతుంది.

భాషాహక్కును ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. హక్కును చట్టంలోని పదాలతో కాక, అది ఒక పసివాడి నోటిదాకా వచ్చిందా లేదా అన్నదానితో ష్యుతో కొలుస్తాడు. ఈ కొలత అల్పసంఖ్యాకుల సాహిత్యానికి ఆయన ఇచ్చిన ముఖ్యమైన కానుక.

అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. పోతున్న మాటల పట్ల ప్రేమ కొన్నిసార్లు పోయిన కాలం పట్ల మోహంగా మారుతుంది. పల్లె మాటల జాబితా ఎంత అందంగా ఉన్నా, పట్నంలో కార్ఖానాలో పనిచేసే యువకుడికి తన భాషలో కొత్త మాటలు కావాలి. పాతమాటలు దాచుకోవడమే భాషను బతికించడం కాదు. ఈ రెండో అవసరం పుస్తకంలో పలచగానే కనిపిస్తుందని విమర్శకులుగా మనం చెప్పాలి.

5. గుర్రాల వ్యాపారి, సూసా పెళ్లిళ్లు

1970లలో ష్యుతో నాటకాల వైపు మళ్లాడు. తన కాలపు సంగతి నేరుగా చెప్పడం కుదరని రోజుల్లో దూరపు కథలను ఎంచుకున్నాడు. వాటిలో రెండింటిని చూద్దాం.

'గుర్రాల వ్యాపారి మట్టల ఆదివారం' నాటకానికి మూలం జర్మన్ రచయిత క్లైస్ట్ 1810లో ప్రచురించిన కథ. కోల్‌హాస్ అనే వ్యాపారి గుర్రాలను ఒక ప్రభువు అన్యాయంగా పట్టుకుంటాడు. కోల్‌హాస్ చట్టాన్ని నమ్మిన మనిషి. అర్జీలు పెడతాడు, న్యాయస్థానానికి వెళతాడు. ఎక్కడా న్యాయం దొరక్కపోగా ఇల్లు, సంసారం నాశనమవుతాయి. చివరికి తిరగబడి మరణశిక్షకు గురవుతాడు. ఇందులో హంగేరియన్ల ప్రస్తావన గాని, భాష ప్రస్తావన గాని లేదు. అయినా తమకు రాసిచ్చిన హక్కులు అమలు కాక అర్జీలు పెట్టుకుంటూ వచ్చిన జనానికి ఆ కథ ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. కాగితం మీది న్యాయానికీ చేతికందే న్యాయానికీ మధ్య దూరమే ఈ నాటకం వస్తువు.

'సూసా పెళ్లి' 1980ల ఆరంభంలో వెలుగు చూసింది. క్రీ.పూ. 324లో అలెగ్జాండర్ సూసా నగరంలో తన సేనానులకు పర్షియన్ కులీన స్త్రీలతో సామూహిక వివాహాలు జరిపించాడు. ఓడిన జాతి గెలిచిన జాతిలో కలిసిపోవాలన్న ఆజ్ఞగా ఈ ఘట్టాన్ని ష్యుతో మలిచాడు. పెళ్లి పేరుతో జరుగుతున్నది ఒక జాతిని రద్దు చేయడం. 1959లో విశ్వవిద్యాలయాలను కలిపినప్పుడు వాడిన 'ఐక్యత' అనే మాటను ఇక్కడ తలుచుకోండి. కలయిక మంచిదే. ఎవరు ఎవరిలో కలవాలి, ఎవరి ఇష్టంతో కలవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఉపమ నాటకానికి ఒక బలం, ఒక బలహీనత ఉంటాయి. నిర్బంధంలో చెప్పలేనిది చెప్పడం, ఏ దేశపు ప్రేక్షకుడైనా తన కథగా చూసుకునే వీలు కల్పించడం దాని బలం. బలహీనత ఏమిటంటే, పాలకులు, పాలితులు అనే రెండు శిబిరాలు ఎదురెదురుగా నిలిచాక పక్కింటివాడికి చోటు తగ్గిపోతుంది. తల్లి పుస్తకంలో కనబడిన రొమేనియన్ రైతు ఈ రంగస్థలం మీద లేడు. చౌషెస్కూ పాలనలో ఆ రైతు కూడా ఆకలితో, భయంతోనే బతికాడు. హక్కుల కోసం పోరాడే సాహిత్యం అతన్ని మరిచిపోతే తన మిత్రుడిని తానే పోగొట్టుకుంటుంది.

6. రచయిత జీవితం – ఒక చిక్కు

ష్యుతో బయట నిలబడి రాసినవాడు కాదు. యవ్వనంలో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని నమ్మాడు, ఆ నమ్మకంతోనే తొలి రచనలు చేశాడు. పార్టీలో, రచయితల సంఘంలో పదవుల్లో ఉన్నాడు. టర్గూ మూరెష్‌లో దశాబ్దాల పాటు పత్రికా సంపాదకుడిగా పనిచేశాడు. 1980లలో మాత్రం సొంత దేశంలో ఆయన పుస్తకాల ప్రచురణ, నాటకాల ప్రదర్శన దాదాపు ఆగిపోయాయి. వ్యవస్థ లోపల ఉండి తనవారికి కొంతైనా సాధించాలనుకున్నాడని కొందరంటారు. చాలాకాలం ఆ వ్యవస్థకు అలంకారంగా ఉన్నాడని మరికొందరంటారు. ఒక మనిషి విషయంలో ఈ రెండూ నిజం కావచ్చు. రచన విలువను రచయిత పదవితో కొలవకూడదు. అలాగని ఆ పదవిని దాచిపెట్టనూ కూడదు.

1989 డిసెంబరులో చౌషెస్కూ పాలన కూలింది. ఆ తిరుగుబాటుకు నిప్పురవ్వ తిమిష్వారా పట్టణంలో హంగేరియన్ పాస్టరు తేకేష్ లాస్లోను ఇంటి నుంచి వెళ్లగొట్టే ప్రయత్నం దగ్గర రాజుకుంది. ఆ పాస్టరుకు అండగా హంగేరియన్లతో పాటు రొమేనియన్లు కూడా వీధిలోకి వచ్చారు. కానీ మూడు నెలలైనా గడవకముందే, 1990 మార్చిలో, టర్గూ మూరెష్‌లో రెండు జాతుల మధ్య ఘర్షణలు చెలరేగాయి. మార్చి 19న హంగేరియన్ల పార్టీ కార్యాలయం మీద జరిగిన దాడిలో ష్యుతో ఒక కంటి చూపు కోల్పోయాడు. ఆ ఘర్షణల్లో ఇరు జాతులవారూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ష్యుతో 2006లో మరణించాడు.

7. మరో దారి: కాన్యాది షాందోర్

పోలిక లేకుండా విమర్శ నిండుగా ఉండదు. ష్యుతో తరానికే చెందిన కవి కాన్యాది షాందోర్ 1929లో పుట్టి 2018లో కన్నుమూశాడు. ఆయన కూడా ట్రాన్సిల్వేనియా హంగేరియనే. దాదాపు మూడు దశాబ్దాలు 'సూర్యకిరణం' అనే పేరుగల పిల్లల పత్రికలో పనిచేశాడు. పల్లె పల్లెకూ తిరిగి బడిపిల్లలకు కవిత్వం వినిపించాడు. కవిత్వం అంటే పైకి చెప్పవలసినది అని ఒక బడిపిల్లవాడు తనతో అన్న సంగతిని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 1987లో రోటర్‌డామ్ కవితోత్సవానికి వెళ్లడానికి ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వకపోతే నిరసనగా రచయితల సంఘానికి రాజీనామా ఇచ్చాడు.

మన చర్చకు ముఖ్యమైనది ఆయన అనువాదాల సంగతి. కాన్యాది రొమేనియన్ కవులను హంగేరియన్‌లోకి తెచ్చాడు. ట్రాన్సిల్వేనియా శాక్సన్ల జానపద గీతాలను, యూదుల యిద్దిష్ జానపద గీతాలను కూడా తన భాషలోకి తెచ్చి పుస్తకాలుగా వేశాడు. తన భాషకు చోటు కావాలని అడిగే కవి ఇతరుల భాషకు తన ఇంట్లో చోటు ఇచ్చాడు. 1907 చట్టానికి సాహిత్యం ఇవ్వగల మంచి జవాబు ఇదే. ష్యుతో మనకు గాయాన్ని చూపిస్తే, కాన్యాది మాన్పే పద్ధతిని చూపించాడు. ఒకరు ఎక్కువ, మరొకరు తక్కువ అనడం మన ఉద్దేశం కాదు. ఇద్దరినీ కలిపి చదివితేనే హక్కు అన్న మాటకు పూర్తి అర్థం వస్తుంది.

8. నేటి స్థితి, మన స్థితి

రొమేనియాలో 2001లో వచ్చిన స్థానిక పరిపాలన చట్టం ప్రకారం, ఒక ఊరి జనాభాలో 20 శాతానికి మించి అల్పసంఖ్యాకులు ఉంటే పరిపాలనలో వారి భాష వాడవచ్చు, ఊరి పేరు రెండు భాషల్లో రాయాలి. ఇది పెద్ద ముందడుగు. అయితే క్లూజ్ నగరం సంగతి చూడండి. 1992 జనగణనలో అక్కడ హంగేరియన్లు సుమారు 23 శాతం. 2002లో సుమారు 19 శాతం. చట్టం వచ్చిన మరుసటి ఏడాదికే సంఖ్య గీత కిందికి జారింది. హంగేరియన్ సాహిత్యానికి కేంద్రంగా నిలిచిన నగరానికే ఆ హక్కు లెక్కలో చిక్కుకుంది. దేశం మొత్తం మీద హంగేరియన్లు 2011లో సుమారు 12 లక్షలు, 2021లో సుమారు 10 లక్షలు. హక్కును శాతంతో ముడిపెడితే, రక్షణ ఎక్కువ అవసరమైన చోటే అది ముందుగా తప్పిపోతుంది. ష్యుతో పుట్టిన మెజోషేగ్ పల్లెల వంటి చోట్లే ఈ ఇబ్బంది ఎక్కువ.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు వంటి ప్రాంతాల తెలుగువారు సరిహద్దుకు అవతల మిగిలారు. అదే ఏడాది రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించమంటుంది. హోసూరు తెలుగు పిల్లవాడి విషయంలో మనకు ఇది న్యాయంగా తోస్తుంది. మరి ఆదిలాబాదు గోండి పిల్లవాడి విషయంలో, శ్రీకాకుళం సవర పిల్లవాడి విషయంలో? అక్కడ అధిక సంఖ్యాకులం మనమే. ట్రాన్సిల్వేనియా చరిత్రను చదవడంలో ప్రయోజనం ఇక్కడ ఉంది. మనం అడిగే హక్కు, మనం ఇచ్చే హక్కు ఒకటేనా అని అది మనల్ని నిలదీస్తుంది.

9. సారాంశం

ష్యుతో ఆండ్రాష్ భాషాహక్కును చట్టంలో కాక బతుకులో వెతికాడు. తల్లి అడిగిన పుస్తకంలో తనవారి ఉనికిని నమోదు చేశాడు. మనవడి మాటల్లో భాష ఎలా అందుతుందో, ఎలా అందకుండా పోతుందో చూపాడు. నాటకాల్లో కాగితపు న్యాయాన్ని, బలవంతపు ఐక్యతను ప్రశ్నించాడు. పోయిన కాలంపై మోహం, ఉపమ నాటకంలో పొరుగువాడికి చోటు తగ్గడం ఆయన పరిమితులు. కాన్యాది అనువాదాలు ఆ పరిమితిని దాటే దారి చూపుతాయి. హక్కుల పక్షాన నిలిచిన రచనకు మనం పెట్టే పరీక్ష రెండు భాగాలుగా ఉంటుంది: అది తనవారి బాధను నిజాయితీగా చెప్పిందా? తాను కోరే న్యాయాన్ని పక్కవాడికి కూడా మిగిల్చిందా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆల్బా యూలియా తీర్మానం అల్పసంఖ్యాకులకు ఇచ్చిన మాట ఏమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.
2. 'మాటలను నా దగ్గరికి రానివ్వండి' అనే పేరులోని అర్థాన్ని వివరించండి.
3. 'సూసా పెళ్లి'లో కలయిక అనే భావాన్ని రచయిత ఎలా విమర్శించాడు?
4. ష్యుతో, కాన్యాదిల దృక్పథాలను పోల్చి, మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
5. మీ ఇంట్లో పెద్దవారు వాడుతూ, మీరు వాడని పది మాటలు రాసుకోండి. ఒక్కొక్క మాట ఏ పనితో పాటు పోయిందో పక్కన రాయండి. తరవాత నాలుగో భాగాన్ని మళ్లీ చదవండి.